పెంచుకున్న కుక్క పోయాక షెల్టర్ కుక్కను తెచ్చుకోవడం ఎలా? తిరుపతి, చిత్తూరు వాళ్లకు సమగ్ర మార్గదర్శి

పన్నెండేళ్లో పద్నాలుగేళ్లో ఇంట్లో తిరిగిన కుక్క పోయింది. ఇప్పుడు ఒక షెల్టర్ (దిక్కులేని కుక్కలను చేరదీసి సాకే చోటు) కుక్కకు ఇల్లు ఇద్దామనుకుంటున్నారు. ఎన్నాళ్లు ఆగాలి, పాత గిన్నెలు వాడొచ్చా, ఎలాంటి కుక్కను తీసుకోవాలి, తెచ్చిన మొదటి రాత్రి ఏం చేయాలి అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే, మొదటి నుంచి చివరి దాకా వరుసలో రాయడమే మేలనిపించింది.

వరుస ముఖ్యం. చాలామంది కుక్కను తెచ్చేసి, ఆ తర్వాత ఇల్లు సర్దుకుంటారు. తలనొప్పులన్నీ అక్కడే మొదలవుతాయి.

## 1. ముందు మీ జ్ఞాపకాన్ని సరిచూసుకోండి

పోయిన కుక్క అంటే మనకు గుర్తొచ్చేది దాని చివరి ఐదారేళ్లే. బండి చప్పుడు వినగానే గేటు దగ్గరికి వచ్చేది, అన్నం వేళకు గిన్నె దగ్గర కూర్చునేది, పరాయివాళ్లొస్తే రెండు అరుపులు అరిచి ఊరుకునేది. అదే కుక్క మొదటి ఏడాది ఎన్ని చెప్పులు కొరికిందో, ఎన్ని రాత్రులు ఏడ్చిందో, పరుపు మీద ఎన్నిసార్లు పోసిందో గుర్తుండదు. కొత్తగా వచ్చిన కుక్క మొదటి వారాన్ని పాత కుక్క పదో ఏడుతో పోల్చి, "ఇది మనకు సరిపోదు" అని వెనక్కి ఇచ్చేసేవాళ్లు ఎక్కువ.

అందుకని ఇంట్లో అందరూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి: పాత కుక్క వచ్చిన మొదటి ఆరు నెలల్లో ఏమేం చేసింది? ఎవరికి ఏది గుర్తుంటే అది చెప్పండి. నవ్వుకుంటారు, కొంచెం ఏడుస్తారు కూడా. ఆ కాగితం పారేయకండి, రెండో వారంలో పనికొస్తుంది.

దాని పక్కనే ఇంకో లెక్క వేయండి. ఆ కుక్క వచ్చినప్పుడు నాన్నకు యాభై ఏళ్లు, పొద్దున్నే ఆయనే తిప్పుకొచ్చేవారు. ఇప్పుడు ఆయనకు మోకాళ్ల నొప్పులు. పిల్లలు చదువులకో ఉద్యోగాలకో బెంగళూరో చెన్నైయో వెళ్లిపోయారు. అప్పుడు సొంత మిద్దె, ఇప్పుడు అపార్ట్‌మెంట్. ఇల్లు అదే అనుకుంటాం కానీ చేసే చేతులు మారిపోయాయి. కుక్కను ఈనాటి ఇంటికి తగ్గట్టు ఎంచుకోవాలి.

ఎన్నాళ్లు ఆగాలి అనేదానికి నెలల లెక్క లేదు. కింది వాటికి నిజాయితీగా "అవును" అనగలిగితే చాలు:

- కొత్త కుక్క వేరే రంగులో, వేరే స్వభావంతో ఉన్నా ఫర్వాలేదు.
- పాత పేరు దీనికి పెట్టాలనే ఆలోచన లేదు.
- పొద్దున, సాయంత్రం ఎవరు తిప్పుతారో పేరు పెట్టి చెప్పగలం.
- మొదటి పది రోజులు ఇంట్లో ఎప్పుడూ ఒకరు ఉంటారు.
- ఇంట్లో ఎవరూ "నాకు తెలియకుండా తెచ్చారు" అనే పరిస్థితి లేదు.

చివరిది తేలిగ్గా తీసుకోకండి. అమ్మ బాధపడుతోందని ఆమెకు చెప్పకుండా కుక్కను తెచ్చి చేతిలో పెట్టడం మంచి ఉద్దేశమే. కానీ అమ్మ ఇంకా సిద్ధంగా లేకపోతే ఆమెకూ కష్టం, ఆ కుక్కకూ కష్టం. చిన్నపిల్లలుంటే "పాతది మళ్లీ వచ్చింది" అని మాత్రం చెప్పకండి.

## 2. పాత కుక్క ఏ జబ్బుతో పోయిందో దాన్నిబట్టి ఇల్లు శుభ్రం చేయండి

ఈ పని దాదాపు ఎవరూ చేయరు. నా లెక్కలో ఈ మొత్తంలో అతి ముఖ్యమైంది ఇదే.

పార్వో అయితే: రక్తపు విరేచనాలతో పోయిందంటే పార్వో అయ్యుండొచ్చు, చూసిన డాక్టర్‌ను అడిగి నిర్ధారించుకోండి. ఈ వైరస్ ఇంట్లో, మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. ముందు సబ్బు నీళ్లతో మురికంతా కడగాలి. తర్వాత ఇళ్లలో వాడే లిక్విడ్ బ్లీచ్ ఒక వంతుకు సుమారు 30 వంతుల నీళ్లు కలిపి, నేల కనీసం 10 నిమిషాలు తడిగా ఉండేలా వదిలి, ఆపైన కడగాలి. మురికి మీదే బ్లీచ్ పోస్తే పని చేయదు. టాయిలెట్ క్లీనర్‌తో గానీ యాసిడ్‌తో గానీ కలిపితే విషవాయువు వస్తుంది, జాగ్రత్త. మట్టి పెరడును పూర్తిగా శుభ్రం చేయడం కుదరదు కాబట్టి, అలాంటి ఇంటికి టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కనే తెచ్చుకోండి. చిన్న కూనను తేవద్దు.

డిస్టెంపర్ అయితే: ఈ వైరస్ మన ఎండకు బయట ఎక్కువకాలం నిలవదు. పక్కబట్టలు తీసేసి, ఇల్లు కడిగి, కొన్ని వారాలు ఆగితే సరిపోతుంది.

టిక్ ఫీవర్ (పిడుదుల జ్వరం) అయితే: మన ప్రాంతంలో కుక్కలను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. కుక్క పోయినా పిడుదులు పోవు. అవి గోడ పగుళ్లలో, మంచం కీళ్లలో, పిట్టగోడ సందుల్లో దాక్కుంటాయి, అక్కడే గుడ్లు పెడతాయి. ఏమీ తినకుండా నెలల పాటు బతకగలవు. టార్చి లైటు పట్టుకుని, పాత కుక్క పడుకున్న మూలలో గోడ మీద నేల నుంచి నడుము ఎత్తు దాకా చూడండి. పగుళ్లలో గోధుమ రంగు గింజల్లాంటివి కనిపిస్తే అవే. పగుళ్లు సిమెంటుతో పూడ్పించి, కొత్త కుక్క రాకముందే పెస్ట్ కంట్రోల్ చేయించండి. కుక్క వచ్చాక ఇంట్లో మందు కొట్టడం కష్టం.

రేబీస్ అనుమానం ఉంటే: కొత్త కుక్క సంగతి తర్వాత. దాని లాలాజలం తగిలిన ఇంటివాళ్లంతా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వయసు మీద పడి, కిడ్నీ, గుండె జబ్బు, క్యాన్సర్ లాంటివైతే: ప్రత్యేకంగా చేయాల్సింది లేదు. స్టీలు గిన్నెలు మరిగే నీళ్లలో కడిగి వాడుకోవచ్చు. ప్లాస్టిక్ గిన్నెలు, పాత బెల్టు, పరుపు మాత్రం కొత్తవే కొనండి. పాత బెల్టును గుర్తుగా దాచుకోవాలనిపిస్తే బీరువాలో పెట్టుకోండి, కొత్తదాని మెడలో వేయొద్దు. కొలత సరిపోక జారిపోతుంది.

## 3. ఇల్లు, గేటు, మిద్దె

షెల్టర్ నుంచి వచ్చిన కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే. దానికి మీ ఇల్లు ఇంకా తన ఇల్లని తెలియదు. బెదిరితే పరుగే.

- గేటు కింద, కమ్మీల మధ్య దాని తల పట్టేంత సందుంటే జాలీ కొట్టించండి.
- పాలవాళ్లకు, పనిమనిషికి, పేపర్ అబ్బాయికి గేటు వేసి వెళ్లమని ముందే చెప్పండి.
- ఫోన్ నంబరు చెక్కించిన బిళ్లను షెల్టర్‌కు వెళ్లేటప్పుడే పట్టుకెళ్లండి.
- పెరట్లో గన్నేరు చెట్టుంటే కుక్కకు అందకుండా కంచె కట్టండి, అది విషం. ఎలుకల మందు, కలరా ఉండలు, కర్పూరం పైన పెట్టేయండి.
- జనం నడిచే దారికి దూరంగా, మెట్ల కిందో హాలు మూలో, దానికంటూ ఒక చోటు ముందే కేటాయించండి.

తిరుపతి వాళ్లకు రెండు ప్రత్యేక జాగ్రత్తలు. మొదటిది కోతులు. మిద్దె మీద కోతిని చూసి తరుముతూ కుక్క పిట్టగోడ దూకేస్తుంది. మిద్దె తలుపు వేసే ఉంచండి.

రెండోది చిరుత. అలిపిరి, కపిలతీర్థం, యూనివర్సిటీల వైపు, శేషాచలం కొండ పాదాల దగ్గర ఉన్నవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. చిరుతకు కుక్క సులువుగా దొరికే ఆహారం. రాత్రిపూట కుక్కను బయట కట్టేయడం అంటే దాన్ని ఎర పెట్టినట్టే. కాపలాకు బయట ఉంటుందిలే అనుకుంటే, ఆ ప్రాంతంలో కుక్కనే తెచ్చుకోకండి.

అద్దె ఇల్లయితే ఓనరు అనుమతిని కాగితం మీదో, కనీసం వాట్సాప్‌లోనో రాతపూర్వకంగా తీసుకోండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. అలాగని దాన్ని పట్టుకుని గొడవకు దిగేకంటే, లిఫ్టు, మెట్ల దగ్గర ఇబ్బంది లేకుండా చూసుకుంటామని పక్కింటివాళ్లకు ముందే చెప్పుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

## 4. ఎప్పుడు తేకూడదు

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారం, దీపావళికి ముందు రెండు వారాలు, బ్రహ్మోత్సవాలకు ఇంటినిండా చుట్టాలుండే రోజులు. ఇవి వద్దు. డప్పులు, టపాసులు, కొత్త మొహాలు అన్నీ కలిస్తే ఎంత నెమ్మదైన కుక్కైనా మంచం కిందికి దూరుతుంది. నడి ఎండాకాలంలో తేవాల్సి వస్తే తెల్లవారుజామునే బయల్దేరండి.

## 5. ఎక్కడ వెతకాలి

తిరుపతి వాళ్లు శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఆసుపత్రి నుంచి మొదలుపెట్టండి. దెబ్బ తగిలిన కుక్కలను తీసుకొచ్చే వాలంటీర్లు అక్కడికి వస్తూ పోతూ ఉంటారు. వాళ్లను పలకరిస్తే ఊళ్లో ఎక్కడ ఏ కుక్క ఇల్లు కోసం చూస్తోందో తెలుస్తుంది. చిత్తూరు వాళ్లు వెటర్నరీ ఆసుపత్రిలో, వీధి కుక్కలకు రోజూ అన్నం పెట్టేవాళ్ల దగ్గర వాకబు చేయండి.

దగ్గర్లో దొరక్కపోతే చెన్నైలో బ్లూ క్రాస్, బెంగళూరులో క్యూపా లాంటి పాత జంతు సంక్షేమ సంస్థలున్నాయి. కానీ దూరం ఊరివాళ్లకు ఇవ్వడానికి, ఇల్లు చూడటం కుదరదని, షెల్టర్లు వెనకాడొచ్చు. బయల్దేరే ముందే ఫోన్ చేయండి.

మీ వీధిలో ఉన్న కుక్కనే తీసుకోవాలనుకుంటే మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దత్తత తీసుకున్నాక దాన్ని మళ్లీ వీధిలోకి వదలకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవాళ్లదేనని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వుల్లో స్పష్టంగా చెప్పింది.

"షెల్టర్" అని చెప్పుకుంటూ జాతి కూనలకు వేలల్లో ధర చెప్పేవాళ్లు కనిపిస్తే అది అమ్మకం. టీకాలు, ఆపరేషన్ ఖర్చుల కింద కొంత అడగడం వేరు.

## 6. కుక్కను ఎంచుకోవడం

షెల్టర్‌లోకి అడుగుపెట్టగానే మీ కళ్లు పాత కుక్క రంగు కోసం వెతుకుతాయి. అది ఎవరూ ఆపలేరు. అలా ఒకటి కనిపిస్తే, ఆరోజు దాన్ని మాత్రం ఖాయం చేయకండి. ఇంకో రోజు ఇంకొకరిని వెంటబెట్టుకుని రండి. పాత కుక్కను ఎక్కువ చూడని మనిషైతే మరీ మంచిది.

వయసు సంగతి: ఇంట్లో పెద్దవాళ్లే ఉంటే రెండేళ్లు దాటిన కుక్కను చూడండి. పరిమాణం, స్వభావం అప్పటికే తెలిసిపోతాయి, కొరకడం తగ్గి ఉంటుంది. మన ఎండలకు నాటు కుక్కే హాయి. ముక్కు నొక్కినట్టుండే పగ్‌లు, మందపాటి బొచ్చున్న హస్కీలు షెల్టర్లలో కనబడుతుంటాయి. 40 డిగ్రీల ఎండలో వాటిని చల్లగా ఉంచే ఏర్పాటు ఉంటేనే తీసుకోండి.

దగ్గరగా చూసే పద్ధతి ఇది. బోను ముందు ఎదురుగా నిలబడకండి. పక్కకు తిరిగి నేల మీద కూర్చోండి, కళ్లలోకి చూడకండి, చెయ్యి చాచకండి. ఐదు పది నిమిషాలు అలాగే ఉండండి. ముందుకొచ్చి ఎగిరే కుక్కకు వ్యాయామం ఎక్కువ కావాలి. వెనక మూలన గోడకు ఆనుకుని పడుకున్నదానికి ఓపిక ఎక్కువ కావాలి. రెండూ చెడ్డవి కావు, కానీ ఒకే ఇంటికి సరిపోవు. తర్వాత కాస్త దూరంలో తాళాల గుత్తి మెల్లగా కింద వేయండి. ఉలిక్కిపడటం సహజమే. అర నిమిషంలో తేరుకుని మళ్లీ వాసన చూడటానికి వస్తే, సందడి ఉండే ఇంట్లో కూడా సర్దుకోగలదు. అలాగే బిగుసుకుపోయి ఉంటే, పిల్లలు లేని నిశ్శబ్దమైన ఇల్లు దానికి మేలు.

ఆ తర్వాత బెల్టు వేసి బయట తిప్పమని అడగండి. బోనులో ఒకలా, బయట ఒకలా ఉండే కుక్కలు చాలా.

షెల్టర్ వాళ్లను అడగాల్సినవి:

- ఎక్కడి నుంచి వచ్చింది? ఇంతకుముందు ఎవరైనా తీసుకెళ్లి తిరిగిచ్చారా? ఎందుకు?
- ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా?
- గిన్నె దగ్గరికెళ్తే గుర్రుమంటుందా?
- పిల్లలు, పిల్లులు, కోళ్లతో ఎలా ఉంటుంది?
- రేబీస్, డీహెచ్‌పీపీ (డిస్టెంపర్, పార్వో లాంటి జబ్బులకు కలిపి వేసేది) టీకాలు ఏ తేదీన వేశారు? పుస్తకం ఉందా?
- పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందా? (వీధి కుక్కలకు ఆపరేషన్ గుర్తుగా చెవి కొన కత్తిరిస్తారు.)
- టిక్ ఫీవర్ వచ్చిందా, మందు పూర్తి కోర్సు వాడారా?
- ఇప్పుడు ఏం తింటోంది, ఎన్నిసార్లు?

ఇంట్లో ఇప్పటికే ఇంకో కుక్క ఉంటే దాన్నీ తీసుకెళ్లండి. రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టకండి. రోడ్డుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి ఒకే దిక్కుగా నడిపిస్తూ, మెల్లగా దగ్గరికి తీసుకురండి. జంట పోయిన కుక్క కూడా దిగులుతో ఉంటుంది, తిండి మానేసి ఉంటే ముందు దాన్ని డాక్టర్‌కు చూపించండి.

## 7. కాగితాలు

దత్తత ఫారం, టీకాల పుస్తకం, ఆపరేషన్ సర్టిఫికెట్, వాడుతున్న మందుల చీటీ. ఆధార్, అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, ఇల్లు చూడటానికి వస్తామంటారు. చిన్నబుచ్చుకోకండి, మంచి షెల్టర్ అనడానికి అదే గుర్తు. మునిసిపాలిటీలో లైసెన్సు సంగతి కనుక్కోండి, రేబీస్ సర్టిఫికెట్ దగ్గరుంటే ఆ పని త్వరగా అవుతుంది.

## 8. తెచ్చే రోజు

పొద్దున పూటే వెళ్లండి. ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు తిండి పెట్టొద్దని షెల్టర్ వాళ్లకు చెప్పండి, లేకపోతే కారులో వాంతి చేసుకుంటుంది. బండి మీద ఒళ్లో కూర్చోబెట్టుకుని తేవడం వద్దేవద్దు. ఆటోలో అయితే ఇద్దరు ఉండాలి.

మెడకు బెల్టు, ఒంటికి హార్నెస్, రెండింటికీ వేర్వేరు తాళ్లు. బెదిరిన కుక్క వెనక్కి లాగితే మెడ బెల్టు సులువుగా జారిపోతుంది.

ఇల్లు చేరాక నేరుగా లోపలికి తీసుకెళ్లకండి. గేటు బయటే కాసేపు తిప్పి, మూత్రం పోశాక లోపలికి తెండి. రోజూ వెళ్లాల్సిన చోటు అదేనని దానికి అలవాటు కావడం ఆ మొదటిసారే మొదలవుతుంది. దిష్టి తీయాలనిపిస్తే తీయండి గానీ, దాని మొహం ముందు కర్పూరం వెలిగించకండి.

స్నానం, చుట్టాల పరామర్శ, ఫొటోలు, పార్కు — ఆరోజు ఏవీ వద్దు.

## 9. మొదటి మూడు రోజులు

తినకపోవచ్చు. రోజంతా నిద్రపోవచ్చు. మూల నుంచి కదలకపోవచ్చు. "పాపం, భయపడుతోంది" అని అందరూ చుట్టూ చేరి నిమరడమే అసలు సమస్య. గిన్నెలో నీళ్లు, కాస్త తిండి దగ్గర పెట్టి, మీ పని మీరు చేసుకోండి. అదే వచ్చి వాసన చూస్తుంది. అప్పుడు కూడా తల మీద చెయ్యి పెట్టకుండా, గడ్డం కింద నుంచి తాకండి.

ఊరికే ఆవలించడం, పెదాలు నాక్కోవడం, మొహం పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డుతో చూడటం, బిగుసుకుపోవడం, ఇవి "నన్ను వదిలెయ్" అని అది చెప్పే మాటలు. వీటిని గుర్తుపట్టడం పిల్లలకు మొదటిరోజే నేర్పండి.

మొదటి రాత్రి ఏడిస్తే, దాని మూలకు దగ్గర్లో మీలో ఒకరు పడుకోండి. రెండు మూడు రోజులకోసారి పక్క కొంచెం కొంచెం దూరం జరపండి.

ఒక రోజు తినకపోతే కంగారు అక్కర్లేదు. పెద్ద కుక్క రెండో రోజు కూడా ముట్టకపోయినా, కూన ఒక్క పూట తినకపోయినా, నీళ్లు కూడా తాగకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

## 10. మొదటి వారంలో డాక్టర్

ఆరోగ్యంగా కనిపించినా తీసుకెళ్లండి. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు చూడమని, పిడుదుల జ్వరానికి స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూడటం) గానీ కిట్ పరీక్ష గానీ చేయమని అడగండి. పిడుదు కుట్టిన వారం నుంచి మూడు వారాల్లో జబ్బు బయటపడుతుంది. అందుకే మొదటి పరీక్షలో ఏమీ లేదన్నా, మూడో వారంలో కుక్క నీరసిస్తే మళ్లీ చేయించాలి.

ఇంట్లో మీరు రోజూ చూడగలిగేవి:

- చిగుళ్లు: గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి.
- జ్వరం: 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. 103 దాటితే డాక్టర్‌కు ఫోన్ చేయండి.
- పిడుదులు: వేళ్ల మధ్య, చెవి మడతల్లో, తోక మొదట్లో, బెల్టు కింద.
- ముక్కు నుంచి రక్తం, కడుపు మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే ఆరోజే ఆసుపత్రికి.

టీకాల పుస్తకం లేకపోతే వేయలేదనే లెక్క, మళ్లీ మొదటి నుంచి వేయించండి. రేబీస్ టీకా మూడు నెలల వయసు నుంచి వేస్తారు. నట్టల మందు, పిడుదుల మందు కుక్క బరువు చూసి డాక్టరే రాయాలి. పాత కుక్కకు రాసిన మాత్రలు అల్మరాలో మిగిలుంటే వాటిని పారేయండి. మనుషుల నొప్పి మాత్రలు అసలే వద్దు.

## 11. తిండి

షెల్టర్‌లో ఏం తిందో వారం రోజులు అదే పెట్టండి. ఆ తర్వాత మీ తిండి పావు వంతు కలిపి, రెండు మూడు రోజులకు సగం, ఆపైన ముప్పావు, తర్వాత మొత్తం. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలే.

మన వైపు కుక్కకు పెరుగన్నమో సంగటో పెట్టడం అలవాటు. పెట్టండి, తప్పులేదు, కానీ దానికి అదొక్కటే చాలదు. ఉడికించిన గుడ్డు, ఉప్పు కారం లేకుండా ఉడికించి ఎముక తీసిన కోడిమాంసం జతచేయాలి. ఇంట్లో మాంసం వండనివాళ్లు పూర్తి పోషకాలుండే ప్యాకెట్ తిండి వాడటమే సరైన మార్గం. ఉడికిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, వేయకండి.

ఇంకోటి, తిరుపతి ఇళ్లలో తప్పకుండా చెప్పాల్సింది: లడ్డు పెట్టొద్దు. అందులోని ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది. ప్రసాదమే కదా, చిన్న ముక్కే కదా అని పెద్దవాళ్లు పెట్టేస్తారు. వాళ్లకు ముందే నచ్చజెప్పండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా పెట్టొద్దు.

## 12. మూడు వారాలు, మూడు నెలలు

షెల్టర్ల వాళ్లు చెప్పే లెక్క ఒకటుంది: బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. అన్ని కుక్కలకూ అచ్చంగా ఇలాగే జరగదు, ఒక అంచనాకు పనికొస్తుంది.

రెండో వారంలో చాలా కుక్కల అసలు స్వభావం బయటికి వస్తుంది. అప్పటిదాకా నోరెత్తనిది అరుస్తుంది, కొరుకుతుంది, గిన్నె దగ్గర గుర్రుమంటుంది. "బాగున్నది కాస్తా చెడిపోయింది" అనిపించే సమయం ఇదే. మొదట్లో రాసిన కాగితం ఇప్పుడు తీయండి.

ఈ మూడు వారాల్లో చేయాల్సినవి:

- రోజూ ఒకే వేళకు తిండి, ఒకే వేళకు బయటికి. నిద్ర లేచాక, తిన్నాక, ఆడుకున్నాక వెంటనే బయటికి తీసుకెళ్లండి.
- ఎండ తగ్గాకే తిప్పండి. అరచేతి వెనక భాగం ఐదారు సెకన్లు తారు రోడ్డు మీద ఆనించలేకపోతే, దాని పాదాలూ ఆనలేవు.
- ఒంటరిగా ఉండటం నేర్పండి. రెండు నిమిషాలు బయటికెళ్లి రండి, తర్వాత ఐదు, పది, అరగంట.
- కొత్త పేరు పిలిచిన ప్రతిసారీ చిన్న తాయిలం ఇవ్వండి. తిట్టడానికి ఆ పేరు వాడకండి.

## 13. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

నోరు జారి పాత పేరుతో పిలుస్తున్నారు. అందరికీ జరుగుతుంది, కుక్కకు దానివల్ల నష్టం లేదు. అచ్చులు, ముగింపు పూర్తిగా వేరుగా ఉండే పేరు పెట్టుకుంటే తడబాటు తగ్గుతుంది.

గుర్రుమంటే కొడుతున్నారు. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే, ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. గిన్నె దగ్గర గుర్రుమంటే చెయ్యి పెట్టకండి. నడుస్తూ వెళ్తూ కొంచెం దూరం నుంచి గుడ్డు ముక్క అటు వేయండి. మనిషి వస్తే తిండి పెరుగుతుందే గానీ పోదని దానికి తెలియాలి.

రోజంతా గొలుసుతో కట్టేస్తున్నారు. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. గేటు సందులు పూడ్చుకుంటే కట్టేయాల్సిన అవసరమే రాదు.

పిడుదులకు కిరోసిన్, కర్పూరం నూనె పూస్తున్నారు. చర్మం కాలుతుంది, నాకితే విషం. ఉన్నవాటిని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, సబ్బు నీళ్లలో వేయండి.

కరిస్తే కారం, సున్నం పెడుతున్నారు. పెంపుడు కుక్కైనా సరే, పన్ను దిగితే వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. ఆ తర్వాత ఆలస్యం చేయకుండా తిరుపతిలో రుయాకో, దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికో వెళ్లి, రేబీస్ టీకా చెప్పిన డోసులన్నీ పూర్తి చేయాలి.

కొత్తదాన్ని ముద్దు చేస్తే పాతదానికి ద్రోహం చేసినట్టుంది. ఇది కుక్క పొరపాటూ కాదు, మీదీ కాదు. ఇంట్లో ఈ బరువు ఎక్కువగా మోస్తున్నవాళ్లకు మొదట తిండి పెట్టే పని అప్పగించకండి. బయట తిప్పే పని ఇవ్వండి. పాత కుక్క తిరిగిన దారి కాకుండా ఇంకో వీధి పట్టుకోమనండి.

## 14. ఎంత చేసినా కుదరకపోతే

పిల్లల్ని కరిచిందనో, ఇంట్లో ఉన్న ఇంకో కుక్కతో రక్తాలు కారేలా కొట్టుకుంటోందనో అయితే ముందు ఆపరేషన్ అయిందో లేదో, నొప్పులు, జబ్బులు ఏమైనా ఉన్నాయేమో డాక్టర్‌కు చూపించండి. నొప్పితో ఉన్న కుక్క కరుస్తుంది. అవేవీ కాకపోతే, ఫారం మీద సంతకం చేసిన షెల్టర్‌కే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తెలిసినవాళ్ల తోటకు ఇచ్చేయడం, కొండ కింద వదిలేసి రావడం చేయకండి. ఆకలికి వదిలేయడం కూడా పైన చెప్పిన 1960 నాటి చట్టం కింద నేరమే.

తిరిగి ఇచ్చేటప్పుడు టీకాల పుస్తకం, మందుల చీటీతో పాటు అది ఏం తింటోంది, దేనికి బెదురుతుంది, ఎప్పుడు గుర్రుమంటుంది అనేవి ఒక కాగితం మీద రాసివ్వండి. తర్వాత తీసుకునేవాళ్లు షెల్టర్‌లో మొదట అడిగే ప్రశ్నలు అవే.